బ్రష్షుకు రెండు రోజుల విశ్రాంతి

గడ్డం బ్రష్షును ఎలా తడపాలో, ఎలా ఆరబెట్టాలో ఫోన్లో పాఠాలు చెప్పేవాళ్ళను చూసి మీరు నవ్వుకుంటారు కదా? నవ్వకండి! ఈ లోకంలో దయ, జాలి ఇంకా మిగిలి ఉన్నాయంటే అది వాళ్ళ పుణ్యమే. నా మాట నమ్మండి, నేను వాళ్ళ చేతిలో మారిన మనిషిని.

నా పేరు అంబదాస్, మాది సిరిసిల్ల. సేటు నూలిస్తే సాంచెల మీద బట్ట నేయించి ఇచ్చే చిన్న ఆసామిని. మరమగ్గాలను మా దగ్గర సాంచెలంటాం. ఆ చప్పుడులోనే పుట్టి పెరిగాను కాబట్టి సున్నితత్వం అనే మాట ఎవరైనా అన్నా నాకు వినపడేది కాదు.

నా పాత బ్రష్షు పడ్డ పాట్లు తలచుకుంటే ఇప్పుడు గుండె తరుక్కుపోతుంది. సలసల కాగే నీళ్ళలో ముంచేవాణ్ని. గిన్నె తోమినట్టు చెంప మీద తోమేవాణ్ని. పని కాగానే నురగతోనే మగ్గులో పడేసేవాణ్ని. ఏడాది తిరక్కుండా దానికి బట్టతల వచ్చేది, పారేసి ఇంకోటి కొనేవాణ్ని. ఒక్కనాడైనా అయ్యో అనుకున్నానా? లేదు!

అలాంటి మొరటోడికి మా అమ్మాయి నవ్యశ్రీ ఆన్‌లైన్‌లో ఖరీదైన బ్రష్షు తెప్పించింది. ఏదో చలిదేశపు జంతువు వెంట్రుకలట. "బాపూ, గిది జర నాజూకుది. ముందు వీడియో సూడు, అటెంక వాడు" అని లింకు పంపింది.

చూశాను. ఆహా, ఏమి మనిషండీ ఆయన! కోటు వేసుకుని, బ్రష్షును పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుని చెప్పాడు. గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నాననివ్వాలి. వేడి ఎక్కువైతే వెంట్రుకల ప్రాణం పోతుంది. నురగ తేవడానికి మెల్లగా గుండ్రంగా తిప్పాలి, నొక్కి పెట్టకూడదు. తర్వాత సబ్బు పోయేదాకా కడగాలి, పిండకుండా విదిలించాలి, గాలి ఆడేచోట తలకిందులుగా వేలాడదీయాలి. నెలకోసారి షాంపూ. అన్నిటికంటే ముఖ్యం, ఒక రోజు వాడితే రెండు రోజులు రెస్టు! "అలసిన బ్రష్షుతో పని చేయించకండి ఫ్రెండ్స్" అన్నప్పుడు ఆయన గొంతు బొంగురుపోయింది. నాకూ కళ్ళు చెమర్చాయి.

రెస్టు ఇస్తే మరి రోజూ గడ్డం ఎలా? ఇంకో రెండు బ్రష్షులు కొన్నాను! ఒకటి డ్యూటీలో, రెండు సెలవులో. పైగా మంగళవారం, శనివారం గడ్డానికి కత్తి తగలకూడదని మా అవ్వ, అంటే మా అమ్మ శంకరవ్వ ఆర్డరు. శ్రావణమాసం పూర్తిగా బంద్. ఏ గవర్నమెంటు ఉద్యోగికైనా ఇన్ని సెలవులు ఉన్నాయా చెప్పండి!

ఒకసారి ప్రమాదం కూడా జరిగింది. మా ఇళ్ళలో పంచె మెత్తబడినా, పడుగు మెత్తబడినా మందు ఒక్కటే, గంజి. సెలవులో ఉన్న బ్రష్షు మెత్తగా వాలి ఉండటం చూసి మా అవ్వ ప్రేమకొద్దీ దానికి చిక్కటి గంజి పట్టించి ఎండలో పెట్టింది. పొద్దున చూస్తే మేకులా బిగుసుకుపోయింది!

"మెత్తవడి పండుకున్నదేమో అనుకున్న కొడుకా. గిప్పుడు సక్కగ నిలవడ్డది గదా!" అంది మురిసిపోతూ.

నేను అన్నం మానేశాను. ఆ బ్రష్షును వేళ్ళతో విడదీసి, షాంపూతో కడిగి, సిక్ లీవ్ ఇచ్చి బతికించుకున్నాను. ఇంత దయ నాలో ఎక్కడ దాక్కుందో!

సరిగ్గా ఆ రోజుల్లోనే, ఒక పొద్దున నేను ముఖం నిండా నురగతో ఉండగా దశరథం వచ్చాడు. మా సాంచెలు నడిపే మనిషి. రాత్రంతా నిలబడి పని చేసి దిగాడు, కనుబొమల మీద దూది పీచు అలాగే ఉంది.

"అన్నా, ఎల్లుండి భూమవ్వకు కన్ను ఆపరేషన్ ఉన్నది. కరీంనగర్ తోల్కపోవాలె. ఒక్క దినం సుట్టి గావాలె."

భూమవ్వ అతని భార్య. సెలవు అనగానే నాకు ఆర్డరు గుర్తొచ్చింది. "అర్జెంట్ ఆర్డరున్నది దశరథం. ఎవలనన్న తోడిచ్చి పంపరాదూ?" అన్నాను.

"నేను గాకపోతే ఎవలున్నరన్నా? ఇంకో కన్ను సుత మసకనే ఆమెకు."

"జర ఆగు. గీ ఆర్డర్ అయినంక సూద్దాం."

అతను గోడకు వేలాడుతున్న బ్రష్షుల వైపు చూసి, "గివన్ని ఎందుకన్నా?" అని అడిగాడు. ఆసక్తి ఉన్న మనిషి దొరికితే వదులుతానా? నానబెట్టడం నుంచి రెస్టు దాకా మొత్తం వివరించాను. నిలబడలేక గోడకు ఆనుకుని మరీ విన్నాడు.

"మంచిగున్నదన్నా. దీనికి అడగకుండనే సుట్టి దొరుకుతున్నది" అని వెళ్ళిపోయాడు. బ్రష్షును మెచ్చుకున్నాడనే అనుకున్నాను.

ఆపరేషన్ రోజుకు దశరథం పగటి షిఫ్టుకు మారాడు, కానీ పనికి రాలేదు. రాత్రి షిఫ్టు నడిపిన నరేశ్ అప్పటికే వంతు పూర్తి చేసి ఇంటికి పోయి పడుకున్నాడు. ఆర్డరు ఆగితే సేటు ఊరుకోడు. పంచె ఎగ్గట్టి నేనే దిగాను. ఇక్కడ పోగు తెగితే అతికేలోపు అక్కడ కండెలో నూలు అయిపోతుంది. అక్కడికి పరుగెత్తితే వెనకాల ఇంకోటి ఆగుతుంది. మధ్యాహ్నానికి చెవుల్లో హోరు, కాళ్ళలో వణుకు.

"జర కూసో కొడుకా" అంది అవ్వ.

"నేను కూసుంటే సాంచెలు ఆగుతయవ్వా!" అని అరిచాను. ఆ మాట దశరథం నోట ఎన్నోసార్లు విన్నదే.

సాయంత్రం ముఖం కడుక్కోబోతే చెయ్యి భుజం దాకా లేవలేదు. ఎదురుగా బ్రష్షులు గాలికి చల్లగా ఊగుతున్నాయి. అబద్ధమెందుకు, వాటిని చూస్తే నాకు ఒళ్ళు మండింది.

అప్పుడు నాకో సందేహం వచ్చింది. ఆ దయామయుడి వీడియో కింద కామెంట్ పెట్టాను. "సార్, బ్రష్షు సంగతి బాగా అర్థమైంది. సాంచెల మీద ఒక రోజు వాడిన మనిషికి ఎన్ని రోజులు రెస్టు ఇవ్వాలి?"

అంత బిజీ మనిషి వెంటనే జవాబిచ్చాడు, దండం పెడుతున్న బొమ్మతో సహా. "సారీ సార్. మా చానల్‌లో విలువైన వస్తువుల గురించి మాత్రమే చెబుతాం."

ఆయన్ని తప్పుపట్టకండి. ఎవరి సబ్జెక్టు వాళ్ళది. రేపు పొద్దున దశరథం వస్తాడు. భూమవ్వ కన్ను ఎలా ఉందని అడగాలి. ఆ తర్వాత అతనికి ఏం చెప్పాలో నేను ఏ వీడియోలోనూ చూడలేదు. మీకెవరికైనా తెలిస్తే ఈ రాత్రికే చెప్పండి.