ఏరా నుంచి అండీ దాకా

ఆ రోజు పొద్దున్న పుల్ల వేసుకున్న పథకం చాలా చిన్నది. రోజూకన్నా పది నిమిషాలు ముందు వర్క్‌షాపుకి వెళ్ళాలి. గాజు తలుపుల గదిలో కుర్చీ దుమ్ము దులపాలి. బండ రాగానే వాడి వీపు మీద ఒక్కటి చరిచి, "ఏరా, సూపర్‌వైజరువైపోయావురా" అనాలి. అంతే.

పుల్ల, బండ నీటి మీటర్లు బాగుచేసే మెకానిక్కులు. ఇరవై రెండేళ్ళుగా పక్కపక్క బల్లల దగ్గర పనిచేస్తున్నారు. ఒకడు మీటరు విప్పి, లోపలి గార గీకి, పళ్ళచక్రాలు కడిగిపెడితే రెండోవాడు బిగించి, అద్దం వేసి, సీలు నొక్కుతాడు. ఒకడు సన్నమని, ఇంకొకడు లావని ఎవరో పెట్టిన ఆ పేర్లే హాజరుపట్టీలో తప్ప అన్నిచోట్లా స్థిరపడిపోయాయి. సూపర్‌వైజరు పోస్టుకి ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. బండకి వచ్చింది. పుల్లకి ఆ సంగతి ఒక పూట మింగుడుపడలేదు, మధ్యాహ్నం భోజనంతో పాటు దిగిపోయింది. పేరుకి పుల్లే గానీ ఎవరి మధ్యా పుల్లలు పెట్టే రకం కాదు.

అతను చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నలుగురిలో బావగారిని ఇంకా ఏరా, ఒరే అనకండి. మీరే అలా పిలిస్తే మిగతావాళ్ళు ఆయన్ని లెక్కచేస్తారా?"

పుల్లకి అందులో న్యాయం కనిపించింది. స్నేహితుడి మర్యాద తాను కాపాడకపోతే ఇంకెవరు కాపాడతారు? అద్దం ముందు నిలబడి "మీరు" అని రెండుసార్లు అనుకున్నాడు. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి దగ్గొచ్చింది.

బండ ఇస్త్రీ మడతలు నలగని చొక్కాలో వర్క్‌షాపులోకి అడుగుపెట్టి, ముందు పుల్ల కోసమే వెతికాడు. కనిపించగానే, వీపు చరచడానికి అందేలా కాస్త వంగాడు కూడా. పుల్ల రెండు చేతులూ జోడించి, "నమస్కారమండీ. మీరు వచ్చి కూర్చోండి" అన్నాడు.

వర్క్‌షాపంతా గొల్లుమంది. పుల్ల ఇంత బాగా వెటకారం చేయగలడని అక్కడెవరికీ తెలియదు.

బండ వంగిన నడుము నెమ్మదిగా ఎత్తాడు. ఆర్డరు వచ్చిన దగ్గర్నుంచి అతనికున్న భయం ఒక్కటే, తనకి దక్కిన కుర్చీ పుల్లకి దక్కలేదే అని. అయితే వీడి కడుపులో ఇదా ఉంది అనుకున్నాడు. "చిత్తమండీ" అని లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఆ "చిత్తమండీ" పుల్ల చెవిలో ముల్లులా దిగింది. కుర్చీలో కూర్చోకముందే ఇంత బిగుసుకుపోయాడే, కూర్చున్నాక ఏం చేస్తాడో అనుకున్నాడు. సాయంత్రం బండ "వెళ్ళొస్తానండి" అన్నాడు. పుల్ల "మంచిదండి" అన్నాడు. ఎవరు ముందు దిగితే వాళ్ళు చులకనైపోతారన్నట్టు ఇద్దరూ మూడు రోజులపాటు అండీల మెట్లెక్కుతూనే ఉన్నారు.

నాలుగో రోజు పుల్ల ఇక తట్టుకోలేకపోయాడు. ఇరవై రెండేళ్ళ స్నేహం రెండక్షరాలకి బలైపోతోంది, ఎవరో ఒకరు ఈ అండీలు ఆపేయాలి. అతను గాజు తలుపు తోసి నిలబడి, గుండెల్లో ఉన్న ప్రేమనంతా కూడదీసుకున్నాడు.

"ఏరా బండా, బుద్ధుందా నీకు? నీ వేషాలు ఆపుతావా, నాలుగు తగిలించమంటావా?"

బండ కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు పుల్ల చూశాడు కూడా. కానీ గోడవారగా, బీరువా చాటు కుర్చీలో, తనిఖీకి వచ్చిన పై అధికారిణి ఫైలు చూస్తూ కూర్చుని ఉంది. ఆమె ఫైలు మూసి, ఈ వ్యక్తి ఎవరని అడిగింది.

నా ప్రాణస్నేహితుడు అని బండ చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. అలా చెబితే పుల్లకి క్రమశిక్షణ నోటీసు వస్తుందని అతనికి భయమేసింది. ఎలాగైనా కాపాడాలని, నోటికొచ్చింది చెప్పేశాడు.

"ఈయనకి కొన్నాళ్ళుగా ఒంట్లో బాగుండటం లేదు మేడమ్. ఏం మాట్లాడతారో ఆయనకే తెలియదు."

పుల్లని ఆ అబద్ధం బాధపెట్టలేదు. అందులోని "ఆయన" బాధపెట్టింది.

వారం రోజులు సెలవు తీసుకోమనీ, మనసు నిలకడగా ఉందని డాక్టరు దగ్గర సర్టిఫికెట్టు తెమ్మనీ, సూపర్‌వైజరుకి క్షమాపణ రాసివ్వమనీ అధికారిణి ఆదేశించింది. పుల్ల ఇల్లు చేరేసరికి కబురు అతనికన్నా ముందే చేరి, దారిలో బాగా బలిసింది కూడా. భార్య అప్పటికే బండ భార్యకి ఫోన్ చేసి, మా ఆయనకి పిచ్చని చెప్పడానికి మీవారికి నోరెలా వచ్చిందని అడిగేసింది. ఎప్పుడూ "అక్కా" అని మొదలుపెట్టే మనిషి ఆ రోజు "ఏమండీ" అని మొదలుపెట్టిందట. అవతలావిడ కూడా "మీరు కాస్త మర్యాదగా మాట్లాడండి" అందట. ఫోను పెట్టేశాక ఇద్దరూ ఎవరి వంటింట్లో వాళ్ళు ఏడ్చారు.

సెలవులో మూడో రోజు పుల్ల సందు మలుపు దగ్గర బండ కూతుర్ని చూశాడు. ఆ పిల్లకి సైకిలు నేర్పింది తనే. సీటు పట్టుకుని ఆ సందంతా పరుగెత్తాడు. సైకిలు దూరం నుంచి వస్తుంటేనే "బాబాయ్" అన్న కేక వినిపిస్తుందని నిలబడ్డాడు. పిల్ల దగ్గరికొచ్చి, బ్రేకు కాస్త నొక్కి, తల దించుకుంది.

"నమస్తే అంకుల్."

పుల్ల "నమస్తే అమ్మా" అన్నాడు. సైకిలు వెళ్ళిపోయాక కూడా అక్కడే నిలబడ్డాడు. వెనకాల ఎవరో హారన్ కొడితే పక్కకి జరిగాడు.

క్షమాపణ మాత్రం ఈసారి పొరపాటు లేకుండా ఉండాలని, రాతకోతలు తెలిసిన గుమస్తాతో రాయించాడు. గుమస్తా చేయి తిరిగినవాడు. "తమరి సన్నిధిలో ఈ అల్పుడు ఒనర్చిన అపరాధమును పెద్ద మనసుతో మన్నించవలెనని" మొదలుపెట్టి పేజీన్నర దంచాడు. బండ దాన్ని రెండుసార్లు చదివాడు. తమరట, అల్పుడట. ఇంకా వెటకారం పోలేదనుకుని, కాగితాన్ని ఒక్క మాట కలపకుండా పైకి పంపించాడు.

పైన అధికారిణి దాన్ని చదివి ముగ్ధురాలైంది. వర్క్‌షాపులో ఎవరూ ఎవరినీ మారుపేర్లతో పిలవరాదనీ, అందరూ అందరినీ "గారు" చేర్చి "మీరు" అనవలెననీ సర్క్యులరు పంపింది.

అసలు ఇబ్బంది మీటర్ల పరీక్ష దగ్గర వచ్చింది. మీటరుని కుళాయికి తగిలించి, సరిగ్గా వంద లీటర్లు వదలాలి. ఒకడు తొట్టి మీది గీత చూస్తూ "ఆపు" అంటే రెండోవాడు టక్కున కట్టేయాలి. ఇప్పుడు "మెకానిక్ గారూ, ఆపండి" అనేసరికి ఇంకో లీటరున్నర పారేది. వందకి కట్టాల్సిన కుళాయి నూటొకటి దాటాక కట్టేవాళ్ళు, మీటరు మాత్రం తాను చూసిందే చూపించేది. కాగితం మీద వంద, మీటరులో నూటొకటిన్నర. నిక్షేపంలాంటి మీటర్లన్నీ తప్పు చూపిస్తున్నాయని తేలి, బుట్టలకొద్దీ మళ్ళీ విప్పే బల్ల మీదికి వచ్చాయి. సెలవు ముగించుకుని వచ్చిన పుల్ల వాటిని ఒక్కొక్కటిగా విప్పేవాడు. విప్పి చూస్తే లోపల ఏ తప్పూ ఉండేది కాదు.

రెండు నెలలకి లెక్క తీస్తే వర్క్‌షాపు పని సగానికి పడిపోయింది. దానికి బాధ్యుడు సూపర్‌వైజరే కాబట్టి, బండని తిరిగి మెకానిక్కుగా వెనక్కి పంపుతూ ఆర్డరు వచ్చింది.

ఆ కబురు వినగానే పుల్లకి జాలి వేసింది. ఆ వెంటనే సిగ్గులేని సంతోషం కూడా ముంచుకొచ్చింది. కుర్చీ వచ్చి అంతా పాడైంది, కుర్చీ పోయింది కాబట్టి ఇక పాత రోజులే. మర్నాడు పెందలాడే వెళ్ళి పక్క బల్ల తడిగుడ్డతో తుడిచాడు, స్పానర్లు వరసగా పేర్చాడు. బండ తల వంచుకుని వచ్చి స్టూలు లాక్కున్నాడు. సర్క్యులరు ఉంటే ఉండనీ, ఇక సన్నిధి లేదు కదా అనుకుని పుల్ల వీపు మీద ఒక్కటి చరిచాడు.

"ఏరా బండా, వచ్చేశావురా."

వర్క్‌షాపులో సుత్తి చప్పుళ్ళు ఆగిపోయాయి. బండ తల ఎత్తేసరికి అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కుర్చీ ఉన్నన్నాళ్ళూ మీరు. పోయిన మర్నాడే ఏరా. కుర్చీకే కదండీ దణ్ణం పెట్టారు."

"మీరు" అంటే దూరం, "నువ్వు" అంటే చులకన. ఇరవై రెండేళ్ళలో ఎన్ని మాటలాడుకున్నారో, వాటిలో ఇప్పుడు పుల్లకి పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు. చేతిలో ఉన్న మీటరు విప్పి, చక్రాలు కడిగి, మెల్లగా పక్క బల్ల మీదికి జరిపాడు. బండ దాన్ని బిగించి, సీలు నొక్కి పక్కన పెట్టాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ పలకకుండానే పనిచేశారు.

ఆ ఏటి తనిఖీ నివేదికలో, సిబ్బంది పరస్పర గౌరవం అనే అంశంలో, ఆ వర్క్‌షాపుకి మొదటి స్థానం వచ్చింది.