ఒకవైపే మెట్లున్న వంతెన

మంజూరైన డబ్బును ప్రభుత్వం విడుదల చేయడం లేదని తిట్టిపోసేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. అయ్యా, విడుదల కాని డబ్బంత క్షేమంగా ఉండే డబ్బు ఈ భూప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా? దాన్ని కాంట్రాక్టరు తినలేడు, ఎలుకలు కొట్టలేవు, వానొస్తే తడవదు!

ఈ జ్ఞానం నాకు మా బావగారి వల్ల అబ్బింది. మా అక్కయ్య భర్త ఆర్థిక శాఖలో పెద్ద ఆఫీసరు. చట్టసభ బల్లలు చరిచి మరీ ఆమోదించిన సొమ్ము నేరుగా ఆయన టేబుల్ దాకా వచ్చి, అక్కడ హాయిగా కూర్చుండిపోతుంది. అందుకే ఆఫీసులో ఆయన్ని చాటుగా ‘తాళంగారు’ అంటారు. ఇంట్లోనూ అంతే. కొత్త సబ్బు బయటికి తీయాలంటే పాత సబ్బు ఎందుకు అరిగిందో మా అక్కయ్య సంజాయిషీ ఇచ్చుకోవాలి.

మా వీధి చివరి వంతెననే తీసుకోండి. దాని కింద రాత్రీ పగలూ లారీలు తిరిగే పెద్ద రోడ్డు. ఇవతల మా ఇల్లు, అవతల రెండో తరగతి చదివే మా అమ్మాయి బడి. పిల్లలు క్షేమంగా దాటడానికని చట్టసభ కాలినడక వంతెన మంజూరు చేసింది. మొదటి విడత డబ్బుతో ఇవతలి మెట్లు, పైన నడిచే దారి కట్టేశారు. అవతలి మెట్ల డబ్బును మా బావగారు ఆపేశారు.

దీనివల్ల ఎంత మేలు జరిగిందో చూడండి! డాక్టరు నడవమన్నవాళ్లంతా అక్కడే నడుస్తున్నారు. మామ్మలు దుప్పట్లు ఆరేసుకుంటున్నారు. మొన్నొక జంట పైన పోట్లాడుకుని, చెరో దారిన పోదామంటే రెండో దారి లేక, రాజీపడి కలిసి దిగొచ్చింది. అవతల మెట్లుంటే ఒక కాపురం కూలిపోయేదా కాదా?

నష్టమల్లా మా ఇంట్లోనే. మా ఆవిడ రోజూ పిల్ల చేయి పట్టుకుని ఆ లారీల మధ్యలోంచి పరుగెడుతుంది. పోయిన వారం పిల్ల చేతిలోంచి జారిన నీళ్ల సీసాను ఒక లారీ అప్పడంలా నలిపేసి పోయింది. “సీసాయే కదా!” అని నేను నవ్వాను. మా ఆవిడ ఆ రోజు భోజనం ముట్టలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ సయించలేదు.

తాము ఆమోదించిన డబ్బు ఏమైపోయిందో తేల్చడానికి చట్టసభవారి ఖర్చుల కమిటీ దిగింది. అధ్యక్షురాలు గట్టి మనిషి. అందరినీ వంతెన ఎక్కించి, అవతలి అంచున మా బావగారిని నిలబెట్టింది. వెనకాల మేమూ ఎక్కాం.

“అవతలి మెట్లేవండీ?”

“ఉన్నాయి మేడమ్. ప్రస్తుతానికి డబ్బు రూపంలో ఉన్నాయి.”

“అది మేం ఎప్పుడో ఆమోదించాం కదా! ఎందుకు విడుదల చెయ్యలేదు?”

“చేస్తే ఖర్చయిపోతుంది మేడమ్!”

“పాయింటే,” అన్నాడొక సభ్యుడు.

అప్పుడే కింద అవతలి గెస్ట్‌హౌస్ నుంచి వంటల వాసన వచ్చింది. కమిటీవారి భోజనాలు అక్కడే! పైనుంచి పళ్లేలు కూడా కనబడుతున్నాయి, దిగే దారే లేదు. మా ఆవిడ ఆశగా నా చేయి గిల్లింది. ఆకలేసిన ప్రజాప్రతినిధికి మెట్ల విలువ తెలియకపోతుందా?

కమిటీ ఇవతలికే దిగింది. పోలీసులు విజిలేశారు. ఎక్కడి లారీలు అక్కడ నిలిచిపోయాయి. సభ్యులు కబుర్లు చెప్పుకుంటూ రోడ్డు దాటారు. ఒకాయనైతే నడిరోడ్డు మీద ఆగి తీరిగ్గా బూటు లేసు కట్టుకున్నాడు. భోజనాలయ్యాక నివేదిక తయారైంది: “రోడ్డు దాటడం సులువుగానూ ఆహ్లాదకరంగానూ ఉన్నది. అవతలి మెట్ల అవసరాన్ని పునఃపరిశీలించవచ్చును.” పొదుపు చేసినందుకు మా బావగారికి ప్రత్యేక అభినందనలు కూడా!

నేనూ చప్పట్లు కొట్టాను. ఎందుకు కొట్టనూ? చట్టసభ మొత్తం కలిసి తోసినా కదలని సొమ్మును ఒంటిచేత్తో ఆపిన మొనగాడు మా బావ!

అందుకే ఆయనకో చిన్న మనవి. బావగారూ, ఇక మెట్లు అడగను. రేపు పొద్దున బడి వేళకు మీరొక్కసారి వచ్చి, ఆ రోడ్డు మధ్య నిలబడి, లారీలను కూడా అలాగే ఆపండి. మీ మేనకోడలు దాటాలి.