రెండు ఎస్సుల అర్జీ

ఆ సోమవారం బడి గంట కొట్టేలోపే అర్జీ రాసి టపాలో వేయాలని బడిపంతులు లేవి అయివారు అనుకున్నాడు. రాయచోటికి పది మైళ్ళ ఇవతల ఉన్న ఆ పల్లెలో ఇంగ్లీషు వచ్చినవాడు ఆయనొక్కడే. ఊళ్ళో ఉన్న ఒక్క బావిలోనూ ఉప్పునీళ్ళు. మంచినీళ్ళు కావాలంటే ఆడవాళ్ళు మూడు మైళ్ళు నడిచి వాగు ఇసకలో తవ్విన చెలమకు పోవాలి. కొండ కింద బావి తవ్వించమని సబ్ కలెక్టరు దొరకు అప్పటికే మూడు అర్జీలు వెళ్ళాయి. ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే ఈసారి లేవి, “మా ఊళ్ళో గొప్ప ఎడారి ఉన్నది, దొరవారు దయచేసి వచ్చి చూడవలెను” అని తనకు వచ్చిన ఇంగ్లీషంతా పెట్టి రాశాడు.

పది రోజులకే జవాబు వచ్చింది. వచ్చే గురువారం మధ్యాహ్నం దొర వస్తాడట. మీరు రాసినదాని కోసం ఆత్రంగా ఎదురుచూస్తున్నానని కూడా రాశాడు. పెద్దరైతు కంబన్న లేవి రెండు చేతులూ పట్టుకొని, “నువ్వు శానా గట్టోనివప్పా!” అన్నాడు.

బుధవారం ఏర్పాట్లు చూడ్డానికి తాలూకా గుమాస్తా అయ్యన్న లేవి ఇంటికి వచ్చాడు. వస్తూనే, “అది బియ్యంతో చేసేదా, గోధుమలతోనా? రేపు తీపి వండొద్దని దొర బట్లరుకు చెప్పినాడు” అన్నాడు.

“ఏ తీపి?” అన్నాడు లేవి.

అయ్యన్న అర్జీ తీసి వేలుపెట్టి చూపించాడు. “ఎడారికి ఒకే ఎస్సు. ‘డెజర్ట్’ అని మొదట ఒత్తి పలకాల. నువ్వు రెండు ఎస్సులు రాసినావు. అది ‘డిజర్ట్’. దొరలు అన్నం తిన్నాక తినే తీపి!”

లేవి ముఖం పాలిపోయింది. “పొరపాటైందని చెప్పేస్తా.”

“చెప్తే గుర్రం అట్నుంచి అట్నే తిప్పుతాడు. మళ్ళా ఈ పక్కకు రాడు.”

పక్కనే ఉన్న కంబన్నకు విషయం అప్పటికి అర్థమైంది. “అంటే ఆయప్ప వచ్చాండేది బావి కోసరం కాదా, తినేదానికా?”

వాకిట్లో కొర్రలు చెరుగుతున్న లేవి భార్య రాహేలమ్మ చేట పక్కన పెట్టి, “దానికెందుకయ్యా దిగులు? పాయసం చేస్తా” అంది.

కంబన్న ఇంటి నుంచి బెల్లం వచ్చింది. ఇంకో ఇంటి నుంచి మేకపాలు వచ్చాయి. గురువారం తెల్లారి కంబన్నే బండి కట్టుకొని మంచినీళ్ళకు పోయాడు. తిరిగి వస్తుంటే చక్రం గుంతలో పడి, పీపాయి దొర్లి పగిలింది. తడిసిన ఎద్దులతో, తడిసిన పంచెతో ఆయన ఊరు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

లేవి తల పట్టుకొని గడప మీద కూలబడ్డాడు. రాహేలమ్మ చేంతాడు తీసుకొని ఊరిబావికి నడిచింది.

“అవి ఉప్పునీళ్ళు గదే!” అన్నాడు లేవి.

“మనం దినామూ తాగేవే గదా. ఆయన మనూరు చూడను వస్తాండాడు. చూడనీ.”

దొర బడి వసారాలో కూర్చొని, మెడకు గుడ్డ కట్టుకొని, చెంచాడు పాయసం నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి. ఎలాగో మింగి, ఉద్యోగ పరీక్ష కోసం చదివిన తెలుగులో, “అమ్మా, ఇందు ఉప్పు ఎవరు వేసినారు?” అని అడిగాడు.

“ఎవరూ వేయలేదు దొరా. ఈడ నీళ్ళే అట్లుండాయి.”

ఆయన మంచినీళ్ళు అడిగాడు. ఆమె అవే నీళ్ళు చెంబుతో ఇచ్చింది. ఒక్క గుక్కతో దొర వసారా అంచుకు పరుగెత్తాడు.

“వేరు నీరు లేదా?”

“మూడు మైళ్ళ అవతల ఉండాది. పోయొచ్చేసరికి పొద్దు గూకుతాది. కావాలంటే ఇప్పుడే బయల్దేరతా.”

“పిల్లలు కూడ దీనినే త్రాగుదురా?”

“చంటిబిడ్డలు గూడా, దొరా.”

లేవి ముందుకొచ్చి తన తప్పు ఒప్పుకున్నాడు. దొర అర్జీ చదువుకొని, పడీపడీ నవ్వి, కళ్ళు తుడుచుకొని, నిలబడే ఆ కాగితం వెనక బావి తవ్వించమని హుకుం రాసి సంతకం చేశాడు.

నాలుగు నెలలు మందుగుండుతో బండ పగలగొట్టాక కొండ కింద నీళ్ళు పడ్డాయి. మొదటి బిందె కంబన్నే తోడి రాహేలమ్మ దోసిట్లో పోశాడు. ఆమె తాగి, “తియ్యగుండాయి!” అని అరిచింది. ఊరు ఊరంతా ఈలలు వేసింది.

ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అర్జీల కోసం వచ్చినప్పుడు, కలం పట్టుకొని ఇంటి వసారాలో కూర్చున్న లేవిని దాటుకొని నేరుగా వంటింటి వైపు నడిచేవాళ్ళు.