మాస్టారింటి పాసువర్డు

ఆదివారం పొద్దున్న ఆరింటికే దక్షిణామూర్తి మాస్టారు ఆ రోజు జరగవలసిన పనులన్నీ ఒక తెల్లకాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కొత్తింటి హాల్లో గోడకి అంటించారు. ఎనిమిదిన్నరకి ఇడ్లీ. తొమ్మిదికి కేబులు మనిషి వచ్చి టీవీకీ ఇంటర్నెట్టుకీ కలిపి ఒకే తీగ బిగించి వెళ్లడం. పదికి ఇస్త్రీ పంచె. పదకొండుకి ప్రసంగం. వీటిలో అనుకున్న వేళకి అయింది ఇడ్లీ ఒక్కటే. అది భార్య జగదాంబగారి చేతిలో పని కాబట్టి అయింది.

మాస్టారు పలాస చుట్టుపక్కల బళ్లలో ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యారు. "సెప్పు" అన్నవాడి చేత "చెప్పు" అని వందసార్లు రాయించారు. "ఏటి" అన్నవాణ్ణి "ఏమిటి" అనేదాకా బెంచీ దిగనివ్వలేదు. అంతటి మనిషిని రిటైరయ్యాక రెండేళ్లలో ఒక్కళ్లు ఒక్క సభకి పిలవలేదు. ఆ బాధ ఆయన పైకి అనేవారు కాదు గానీ, ఊళ్లో ఎక్కడ మైకు మోగినా లేచి కిటికీ మూసేసేవారు. అలాంటిది కిందటి ఆదివారం టెక్కలి నుంచి 'తేటతెలుగు వేదిక' కార్యదర్శి హరికృష్ణ ఫోను చేసి, ఆన్‌లైన్లో గంటసేపు మాట్లాడాలని కోరాడు. అంశం 'ఉచ్చారణ శుద్ధి'. ఎక్కడెక్కడి వాళ్లో రెండు వందల మంది వింటారన్నాడు. ఆ పూట మాస్టారికి అన్నం సహించలేదు, సంతోషంతో. వారం రోజులుగా అద్దం ముందు నిలబడి మాట్లాడుతున్నారు. అద్దం ఒక్కసారీ అడ్డు చెప్పకపోవడంతో ధైర్యం బాగా పెరిగింది.

చిక్కల్లా కొత్తింటితోనే. కాశీబుగ్గ దాటాక జీడితోట కొట్టేసి వేసిన లేఅవుటులో కట్టారు. అక్కడ గాలి వస్తుంది, నీళ్లు వస్తాయి, నెమళ్లు కూడా వస్తాయి. ఫోను సిగ్నలు మాత్రం రాదు. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన కాస్త ఒంగి నిలబడితే ఒక గీత కనపడుతుంది. మాట్లాడుతూ ఉండగానే అదీ పోతుంది. అందుకని ప్రసంగానికి కేబులు తప్ప దిక్కులేదు.

తొమ్మిదికి రావలసిన సింహాచలం తొమ్మిదింపావుకి నిచ్చెనా తీగచుట్టా వేసుకుని దిగాడు. అతను మాస్టారి పాత శిష్యుడే.

"బాగున్నారా మాస్టారూ? ఇల్లు బాగా కట్టినారు. బొక్క ఎక్కడెట్టమంటారు?"

"బొక్క కాదురా, రంధ్రం అను," అన్నారు మాస్టారు ప్రసన్నంగా.

ఇక్కడ మాస్టారి గురించి ఒక సంగతి చెప్పుకోవాలి. ఆయన పుట్టి పెరిగింది ఉద్దానంలో, కవిటి దగ్గర కొబ్బరితోటల్లో. కోపం వచ్చిందంటే ఆయన తెలుగు తిన్నగా ఆ తోటల్లోకి వెళ్లిపోతుంది. ఈ సంగతి భార్యకి తెలుసు, శిష్యులకి తెలుసు, పాలవాడికి తెలుసు. తెలియనిది మాస్టారొక్కరికే.

సింహాచలం వేసిన మొదటి రంధ్రం ఇనపకడ్డీకి తగిలి ఆగిపోయింది. "ఏమిటిది?" అన్నారు మాస్టారు. రెండోది దేవుడి గదిలో, వెలుగుతున్న దీపానికి జానెడు పైన తేలింది. దీపం నిండా సున్నం రాలింది. "ఏంటిరా ఇది?" అన్నారు. మూడోది సరైన చోటికే వెళ్లింది గానీ, వెళుతూ వెళుతూ చేటంత పెచ్చు ఊడదీసుకుని వెళ్లింది. నెల కిందట వేసిన రంగు.

"ఏటిరా సేత్తన్నావు? గోడా, జల్లెడా?" అని మాస్టారు గావుకేక పెట్టారు.

"అయిపోనాది మాస్టారూ, అయిపోనాది. నెట్టుకీ టీవీకీ పాసువర్డు ఒకటి సెప్పండి, ఎట్టెల్లిపోతాను," అన్నాడు సింహాచలం.

మాస్టారు ఉలిక్కిపడ్డారు. ఎవరికి ఫోను చేసినా ముందుగా ఒక గొంతు పలికి, పాసువర్డు పరాయివాళ్లకి చెప్పవద్దని ఏడాదిగా ఆయన్ని హెచ్చరిస్తోంది. ఇక్కడ పట్టపగలు, నట్టింట్లో, తన గోడ పాడుచేసినవాడే అడుగుతున్నాడు.

"నాను సెప్పను!" అన్నారు గట్టిగా.

సింహాచలం మెచ్చుకోలుగా తలూపాడు. పాసువర్డుగా పిల్లల పేర్లు పెట్టించుకున్నవాళ్లని చూశాడు, బండి నెంబర్లు పెట్టించుకున్నవాళ్లని చూశాడు. ఇంత గడుసు పాసువర్డు ఎక్కడా చూడలేదు. మాస్టారు మాస్టారే అనుకున్నాడు.

"రెండు మాటలూ కలిపేసి ఎట్టీమంటారా?"

"ఏటైనా సేసుకో, ముందు ఆ గోడ ఒగ్గు!" అన్నారు మాస్టారు, ఇక వదిలిపెట్టమన్నట్టు పెచ్చు వంక చూస్తూ. సింహాచలం ఆ రెండు మాటల్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, విన్నది విన్నట్టు కొట్టి, దండం పెట్టి, సుమ్మాదేవి ఊళ్లో మరో పని ఉందని బండెక్కాడు.

తొమ్మిది ముప్పావుకి మాస్టారు పంచె కట్టుకుని లాప్‌టాప్ తెరిచి, హరికృష్ణ పంపిన లింకు నొక్కారు. ముందు పాసువర్డు కావాలంది. మాస్టారు మేడెక్కి, ట్యాంకు పక్కన ఒంగి, సింహాచలానికి ఫోను చేశారు.

"ఒరేయ్, ఇది పాసువర్డు అడుగుతోంది. ఏమిటది?"

"నాను సెప్పను మాస్టారూ."

"ఏమిటీ?"

"నాను సెప్పను."

"ఎందుకు చెప్పవు?"

"సెప్పినాను గదండీ."

"ఏం చెప్పావు?"

"నాను సెప్పను అని."

"అదే, ఎందుకని?"

"మీరే గదా మాస్టారూ అలగెట్టమన్..."

గీత పోయింది. మాస్టారు కిందికి దిగి కుర్చీలో కూలబడ్డారు. "పగ! ఎనిమిదో తరగతిలో వీడి చేత 'చెప్పు' అని వందసార్లు రాయించాను. అది మనసులో పెట్టుకుని, చెప్పనని నా మొహాన్నే అంటున్నాడు," అన్నారు.

జగదాంబగారికి ఇది వేరేగా అర్థమైంది. "వాడు పనిచేస్తున్నంతసేపూ అరిచారు. కాఫీ ఇస్తానంటే ఇవ్వనిచ్చారు కాదు. మనిషి నొచ్చుకున్నాడు. ఉండండి, నేను అడుగుతాను," అని ఆవిడ మేడెక్కారు. టీవీ కూడా అదే పాసువర్డు అడుగుతోంది మరి. ఆవిడ చూసే సీరియల్లో అత్తగారిని నూతి అంచు మీద నిలబెట్టి శనివారం ఆపేశారు. పదకొండుకి మిగతాది.

"బాబూ సింహాచలం, అమ్మగారిని. నాతో చెప్పు నాయనా."

"నాను సెప్పను అమ్మగారూ."

"గారెలు చేసి పెడతాను."

"గారెలెందుకండీ, ఊరికినే సెప్తన్నాను గదా. నాను సెప్ప..."

"గారెలకి కూడా లొంగలేదండీ," అని ఆవిడ దిగొచ్చి చెప్పారు. మాస్టారు మళ్లీ మేడెక్కి ఇంకో నాలుగుసార్లు ప్రయత్నించారు. నాలుగుసార్లూ గీత లేదు.

పక్క మేడ మీద జీడిపిక్కలు ఎండబెడుతున్న తవిటమ్మ ఇదంతా చూస్తోంది. ఆవిడ సింహాచలానికి పిల్లనిచ్చిన అత్త.

"ఏటయినాది మాస్టారూ? మా అల్లుడేటి సేసినాడు?"

"మీ అల్లుడు ఒక విషయం దాచిపెట్టాడమ్మా. ఎంత బతిమాలినా చెప్పనంటున్నాడు," అన్నారు మాస్టారు.

"ఓలమ్మో!" అంది తవిటమ్మ. పిక్కలు ఎక్కడివక్కడే వదిలేసి మెట్లు దిగింది. కింద ఉన్న కూతురు హేమలతకి చెప్పింది. ఆటో పిలవడానికి వీధి చివరిదాకా నడుస్తూ, అడిగిన వాళ్లకల్లా చెప్పింది. మొదటింటి వాళ్లకి సింహాచలం ఏదో దాచాడని తెలిసింది. మూడో ఇంటికి వచ్చేసరికి కేబులు బాక్సులో దాచాడని తెలిసింది. అతను ఆ లేఅవుటులో బాక్సు పెట్టని ఇల్లు లేదు.

సుమ్మాదేవిలో సింహాచలం స్తంభం మీద ఉండగా ఆటో వచ్చి ఆగింది.

"బావా, దిగు!" అంది హేమలత.

"ఏటే, పనిలో ఉన్నాను."

"మాస్టారు కాడ ఏటి దాసినావు?"

"నానేటి దాసినాను? ఏటీ నేదు."

"మరి మాస్టారు అడిగితే ఏటన్నావు?"

సింహాచలం తల గోక్కున్నాడు. ఒకరింటి పాసువర్డు ఇంకొకరికి చెప్పకూడదని అతనికో నియమం. పెళ్లాం అయినా నియమం నియమమే. "అది మాస్టారింటి సంగతే. పైవోళ్లకి సెప్పకూడదు."

"నాను పైదాన్నా?" అంది హేమలత. అంతే, నిచ్చెన లాగేసింది. సింహాచలం స్తంభాన్ని కావిలించుకుని జర్రున జారాడు. బండి అక్కడే విడిచిపెట్టి, ఆటోలో అత్తకీ పెళ్లానికీ మధ్య ఇరుక్కుని పదీ యాభైకి మాస్టారింటి ముందు దిగాడు.

అప్పటికి వాకిట్లో పదిమంది దాకా ఉన్నారు. అందరి చేతుల్లోనూ తీగలు వేలాడుతున్న కేబులు బాక్సులున్నాయి. ఈశ్వర్ అనే ఆయన స్క్రూడ్రైవరు కూడా తెచ్చుకున్నాడు. "ఇందులో ఏటెట్టినావో ఇప్పి సూపించు," అన్నాడు.

లోపల మాస్టారు 'తేటతెలుగు', 'గురుదేవోభవ', 'క్షమయాధరిత్రి' ఒకటి తరవాత ఒకటి కొట్టి చూసి, అన్నీ తప్పని తేలాక చెమటలు కక్కుతున్నారు. సింహాచలాన్ని చూడగానే ఆయన గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చారు. "నాయనా, నీకు పుణ్యం ఉంటుంది. ఇంకో పది నిమిషాల్లో నా పరువు పోతుంది. చెప్పరా."

"నాను సెప్పను మాస్టారూ!" అన్నాడు సింహాచలం ఏడుపు మొహంతో.

"విన్నారా! అందరూ విన్నారా!" అన్నారు మాస్టారు.

"ఏటి సెప్పవు నువ్వు?" అని హేమలత చొక్కా పట్టుకుంది.

"ఓరి నాయినోయ్! పాసువర్డే అది! 'నాను సెప్పను' అన్నదే పాసువర్డు! మాస్టారే ఎట్టమన్నారు!"

ఈశ్వర్ స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. మాస్టారు ఒక్క ఉదుటున లాప్‌టాప్ దగ్గరికి వెళ్లి 'నేను చెప్పను' అని కొట్టారు. తప్పంది.

"సి, హెచ్ కాదు మాస్టారూ. ఎస్సు," అన్నాడు సింహాచలం నెమ్మదిగా. "మీరు సెప్పను అన్నారు."

"నేనా? నేను జన్మలో ఆ మాట అనలేదు!"

వాకిట్లో వాళ్లంతా తలో దిక్కూ చూశారు. మాస్టారు పళ్లు బిగించి ఎస్సు కొట్టారు. మళ్లీ తప్పంది.

"ఇంకోటి కూడా ఉన్నాది," అన్నాడు సింహాచలం రెండడుగులు వెనక్కి వేసి. "నేను కాదండీ. నాను."

"నాను! నా నోట, నాను!" మాస్టారు కుర్చీలోంచి లేచారు. "ప్రసంగం మానుకుంటాను గానీ ఆ మాట నా వేలితో కొట్టను."

పదకొండుకి రెండు నిమిషాలుంది. జగదాంబగారు దగ్గరికి వచ్చి, "అన్నారండీ. నేను విన్నాను," అన్నారు. తరవాత గొంతు తగ్గించి, "రెండేళ్లకి పిలిచారు. కళ్లు మూసుకుని కొట్టేయండి," అన్నారు.

మాస్టారు నిజంగానే కళ్లు మూసుకుని కొట్టారు. ఆవిడ అదే పాసువర్డు టీవీలో కొట్టారు. పదకొండు కాగానే టీవీలో అత్తగారు కెవ్వుమని నూతిలో పడింది. అందరూ అటు తిరిగారు. పొద్దుట్నించీ కాచుకుని ఉన్న లింకు ఇటు చడీ చప్పుడూ లేకుండా తెరుచుకుంది. అది మాస్టారు చూడలేదు. పని అయిపోయింది కదా, ఆపుకున్న కోపమంతా ఒక్కసారి పొంగింది.

"ఏటిరా, ఎదవ సన్నాసీ! పాసువర్డు అడిగితే పాసువర్డని సెప్పొద్దా? నాను ఎప్పుడన్నానురా 'నాను' అని? గోడంతా తూట్లెట్టీసినావు, దేవుడి గదిలో సున్నం రాల్చినావు, ఇప్పుడు నా నోట్లో మాటలెడతన్నావా? నా తెలుగంటే ఏటనుకుంటన్నావు? సూడు, నాకేసి సూసి మాటాడు!"

"తప్పయిపోనాది మాస్టారూ, మీరలగ అన్నారనే గదా నాను..."

"మళ్లీ నానంటావేటిరా!"

ఇలా నాలుగు నిమిషాలు నడిచింది. ఊపిరి తీసుకోవడానికి మాస్టారు ఆగినప్పుడు లాప్‌టాప్ లోంచి హరికృష్ణ గొంతు వినపడింది. "మాస్టారూ, నమస్కారం. అందరం వింటున్నామండీ."

తెర మీద రెండు వందల పదమూడు మంది. మూలన చిన్న గడిలో, నోరు తెరిచి చెయ్యెత్తిన తన బొమ్మే. ముప్పై నాలుగేళ్ల పేరు నాలుగు నిమిషాల్లో పోయింది అనుకున్నారు మాస్టారు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎంత గొప్ప ఎత్తుగడ!" అంటున్నాడు హరికృష్ణ. "శుద్ధి గురించి చెప్పే ముందు మన యాసని నాటికలా వినిపించారు. పక్కన ఆ పాత్ర వేసినాయన కూడా అచ్చం సహజంగా మాట్లాడారు." తెర నిండా చప్పట్ల గుర్తులు లేచాయి. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న దీప్తి అనే అమ్మాయి మైకు తెరిచింది. "మాస్టారూ, మా నాయినమ్మది సోంపేటండీ. ఆవిడ పోయాక ఈ మాట చెవిన పడలేదు. ఆ 'తూట్లెట్టీసినావు' ఇంకొక్కసారి అనరా?" అంది.

మాస్టారు కళ్లు తుడుచుకుని, తమ పన్నెండు పేజీల ప్రసంగం తీసి, అక్షరం పొల్లుపోకుండా చదవడం మొదలుపెట్టారు. మూడో పేజీకి వినేవాళ్లు నూట నలభై అయ్యారు. ఏడో పేజీకి అరవై. పన్నెండో పేజీకి మిగిలిన పంతొమ్మిది మందిలో ఒకరు, "ఆ రెండో పాత్ర వేసినాయన ఉన్నారా?" అని అడిగారు. వంటింట్లో గారెలు తింటున్న సింహాచలాన్ని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. గోడకి బొక్క ఎలా పెట్టాలో అతను చెబుతుంటే, వెళ్లిపోయిన వాళ్లంతా తిరిగి వచ్చారు.

వచ్చే నెల సభకి కూడా వేదిక వారు మాస్టారిని పిలిచారు: ప్రసంగం సింహాచలానిది, వందన సమర్పణ మాస్టారిది.