చంద్రిక కాగితానికి కుదరని గోడ

ఆ పొద్దున సునంద అనుకున్నవి రెండే పనులు. చంద్రిక బడికి పోయేలోపు లెక్కల హోంవర్కు అయిపోవాలి. సాయంత్రానికి మొగుడు ఈశ్వరప్ప మగ్గం మీది పెళ్లిచీర ముగించి షావుకారుకు అప్పగించాలి. ఇంకో మూరెడు నేస్తే చీర పూర్తయినట్టే.

ఐదో తరగతి చంద్రికకు టీచరు ఒక కాగితాన్ని రెండుసార్లు మడిచి మూల చేసి ఇచ్చింది. ఇంట్లో ఏ రెండు గీతలు కలిసేచోట ఆ మూల సరిగ్గా కూర్చుంటుందో అవి లంబరేఖలు, రాసుకు రమ్మంది. కాగితం మూల తలుపు దగ్గర కూర్చుంది. కిటికీ దగ్గర కూర్చుంది. మగ్గం మీద పొడుగు దారాల పడుగుకు అడ్డదారం పేక పోయేచోట అతికినట్టు కూర్చుంది. పెరటి వైపు ఇంటి గోడ దగ్గర మాత్రం, కాగితాన్ని నేలకు ఆనిస్తే, దానికీ గోడకూ మధ్య వేలు దూరింది.

"అమా, ఈ గోడ లంబంగా లేదు."

"లేకుంటే ఏమైతాది?"

"తప్పయితాది."

ఏడో తరగతితో చదువు ఆపేసిన సునందకు గోడలో తప్పంటే ఒక్కటే అర్థం, అది కూలిపోతుందని. తల పక్కకు వంచి చూస్తే గోడ వంకర. తల నిలబెట్టి చూసినా వంకరే.

"చంద్రిక నాయనా, లేయ్! గోడ లోపలికి వాలిండాది!"

"నిన్న బాగానే ఉండె గదే?" అన్నాడు ఈశ్వరప్ప మగ్గం మీంచి.

"కూలే గోడ చెప్పి కూల్తాదా?"

కేకలకు వచ్చిన పక్కింటి నాగలక్ష్మమ్మ, తనూ కాగితం పెట్టి చూసి బుగ్గలు నొక్కుకుంది. "మగ్గం గుంత తవ్వినారు గదమ్మా, పునాది కదిలింటాది."

ఇంకేముంది, బియ్యం డబ్బా, మంచం, గ్యాసు పొయ్యి వీధిలోకి వచ్చేశాయి. గుంతలో పాతిన మగ్గం మాత్రం రానంది.

"పడుగు కోసేసి చీర తీయ్" అంది సునంద.

"మూరెడు తక్కువ చీర ఎవురు కట్టుకుంటారే? పదైదు దినాల కష్టం!"

"చీర మల్లా నేస్తావు. బిడ్డను నేస్తావా?"

ఈశ్వరప్ప మగ్గం దగ్గరికి పోయాడు. కత్తెర తీశాడు.

అంతలో సునంద చేసిన ఫోనుకు హడలిపోయి, ఆ ఇంటికి బండలు పరిచిన మేస్త్రీ పాపన్న వచ్చాడు. "కత్తెర ఆపప్పా!" అని, దారానికి కట్టిన ఇనుప గుండును గోడ పక్కన వేలాడదీశాడు. దారం గోడ వెంబడే తిన్నగా దిగింది.

"గోడకేం రోగమమ్మా? నిటారుగా ఉండాది. వాలింది కింద బండలు."

"బండలెందుకు వాల్తాయి? నువ్వే గదా పరిచింది!"

"కడిగిన నీళ్లు చుక్క పోకుండా కరివేపాకు చెట్టుకు పారాల, వాలు చాల్లేదు అని రెండుసార్లు బండలు పీకించింది ఎవురమ్మా?"

వీధి వీధంతా నవ్వింది. చంద్రిక మాత్రం గంభీరంగా మొహం పెట్టి ఆలోచించింది. "అంటే ఒక్క గోడనే చూస్తే తెలీదమా. గోడనూ నేలనూ రెండిటినీ కలిపి చూడాల."

ఈశ్వరప్ప కత్తెర పడేసి మగ్గం గుంతలోకి దిగాడు. సునంద మాత్రం వీధిలోనే నిలబడింది, గడప దాటి లోపలికి రాలేదు. గోడ మీద ఆమెకు నమ్మకం కుదిరింది, ఇప్పుడు అనుమానమంతా భూమి మీదే.