మాత్రలకు కేటలాగు

సాయంత్రం నాలుగింటికి విమానం. పొద్దున్న తొమ్మిదికల్లా మందులు సర్దేసి, కాఫీ తాగి, దర్జాగా కాలు మీద కాలేసుకు కూర్చోవాలని లైబ్రేరియన్‌గారి పథకం. పెళ్లయిన ముప్పయ్యేళ్లకి భార్యకు విదేశంలో మంచు చూపించబోతున్నారు మరి! ఆవిడ కాళ్లు నేలమీద ఆనడం లేదు.

ఉద్యోగమంతా పుస్తకాలు సర్దిన చెయ్యి ఊరుకుంటుందా? నెల్లాళ్ల మాత్రలన్నీ రేకుల్లోంచి ఒలిచి, బుల్లి సీసాల్లో పోసి, ఒక్కోదానికీ ఓ నంబరు చీటీ అంటించారు. ఖాళీ రేకులు చెత్తబండి ఎక్కి వెళ్లిపోయాయి.

కారు తెచ్చిన బావమరిది ఆ సీసాలు చూసి లబోదిబోమన్నాడు.

"కొంప ముంచావు బావా! కస్టమ్స్ వాళ్లు ఇవేమిటని అడిగితే ఏం చెప్తావ్?"

"నంబరు చూసి చెప్తాను."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! మందు పేరున్న రేకులుండాలి, డాక్టరు ఉత్తరం ఉండాలి. లేకపోతే అక్కడే ఆపేస్తారు."

"అయ్యో, నా మంచు!" అంటూ ఆవిడ కుర్చీలో కూలబడింది. అది చూసి ఆయన ప్రాణం ఉసూరుమంది.

మందుల షాపుకి పరుగు. డాక్టరు రాసిన చీటీ పాతబడింది, కొత్తది రాయించుకు రమ్మన్నాడు షాపాయన. భార్యను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగు. లిఫ్టు పనిచెయ్యడం లేదు, మూడంతస్తులూ మెట్లెక్కారు. డాక్టరు అలవాటుగా బీపీ చూసి కళ్లు తేలేశాడు.

"నూట తొంభై! ఇది తగ్గేదాకా నేను సంతకం పెట్టనండీ. అరగంట కదలకుండా కూర్చోండి."

"ఏవండీ, మీకు దణ్ణం పెడతాను, తగ్గించుకోండి!" అంది భార్య.

డాక్టరు పక్క గదిలో రోగిని చూడ్డానికి వెళ్లాడు. లైబ్రేరియన్‌గారి చూపు ఎదురుగా ఉన్న అలమారా మీద పడింది. మందులన్నీ చిందరవందరగా ఉన్నాయి. ఆయనకి చేతులు దురద పెట్టాయి. లేచి, పుస్తకాలను రచయితల పేర్ల వరసలో పెట్టినట్టే, డబ్బాలన్నిటినీ తయారుచేసిన కంపెనీల పేర్ల వరసలో సర్దేశారు. అబ్బ, ఎంత హాయి!

డాక్టరు వచ్చి మళ్లీ చూస్తే నూట ముప్పై.

"భేష్! ఏం మాత్ర వేసుకున్నారేంటి?"

"ఏమీ లేదండీ. ఊరికే కాస్త కాలక్షేపం చేశాను."

డాక్టరు మురిసిపోయి చీటీ, ఉత్తరం రెండూ రాసిచ్చాడు. కొత్త రేకులతో, ఉత్తరంతో మూడున్నరకి తనిఖీ దాటేశారు. ఆఖరి నిమిషంలో విమానమెక్కారు. కిటికీ పక్కన కూర్చున్న ఆవిడ ఆనందం పట్టలేక, నలుగురూ ఉన్నారని కూడా చూడకుండా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇంతలో ఆయన ఫోను మోగింది. డాక్టరు!

"సార్, మీరు అలమారా ఏం చేశారు సార్? ఒక్క మందూ దొరకడం లేదు, బయట పదిమంది కూర్చున్నారు! నాకు తల తిరుగుతోంది. నా బీపీ మాత్ర ఎక్కడ పెట్టారు సార్?"

"దానిదేముందండీ, చాలా తేలిక! ముందు ఆ కంపెనీ పేరు..."

ఫోన్లు కట్టేయమని విమానంలో ప్రకటన వచ్చింది. నియమమంటే నియమమేనని లైబ్రేరియన్‌గారు వెంటనే కట్టేశారు.