వెనక అరలో డాక్టరుగారు

ఆ రోజు పొద్దున డాక్టరుగారు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. క్లినిక్ తలుపు తీయడం, పేషెంట్ల కోసం కూర్చోవడం, ఎవరూ రాకపోతే ఎదురుగా ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లి ఉద్యోగంలో చేరతానని ఒప్పుకోవడం. సొంత క్లినిక్ పెట్టిన నాటి నుంచి ఆయన ఈగలు తోలుకుంటున్నారు. సాయంత్రంలోగా ఏ సంగతో తేల్చమని పెద్దాసుపత్రి వాళ్లు గడువు పెట్టారు.

ఆఖరి ఆశ బావమరిది. సూపర్‌మార్కెట్లలో ఏ సరుకు ఎక్కడ ఉండాలో చెప్పడం అతని వృత్తి. అక్క బతిమాలితే వచ్చి క్లినిక్ రూపే మార్చేశాడు. గుమ్మంలో మొదలైన దారి మెలికలు తిరుగుతూ, మోకాలి పట్టీలూ చేతికర్రలూ పెట్టిన అరల్ని చుట్టుకుని, ఒక మెత్తటి సోఫాను దాటి, ఎక్కడో వెనక డాక్టరుగారి గదికి చేరుతుంది.

"నన్నెందుకురా అంత వెనక పడేశావ్?"

"కొట్లో పాలు ఎక్కడ పెడతారు బావా? చిట్టచివర. పాల కోసం వచ్చినవాడు దారిలో నాలుగూ చూస్తాడు."

"అంటే నేను పాల ప్యాకెట్‌నా?"

"అంతే. ఆ తెల్లకోటు కూడా తీసెయ్. కస్టమర్లు జడుసుకుంటారు."

"పేషెంట్లురా!"

"అదే, కస్టమర్లు."

కరపత్రాలు పంచిన పుణ్యమా అని కాసేపట్లోనే జనం వచ్చారు. ముందు నడుస్తున్న రిటైరైన టీచరమ్మ మోకాళ్లు సహకరించక సగం దారిలో సోఫాలో కూలబడింది. వెనకే దగ్గుకుంటూ వచ్చినాయన వరస అక్కడేననుకుని పక్కన కూర్చున్నాడు. ఆయన్ని చూసి ఇంకొకరు, వాళ్లని చూసి మరికొందరు.

ముందు కౌంటర్లో డాక్టరుగారి భార్య మురిసిపోయింది. "తమ్ముడూ, లోపలికెళ్లిన వాళ్లు ఒక్కరూ బయటికి రావట్లేదురా!"

"డిజైనంటే అదే అక్కా!"

వెనక గదిలో డాక్టరుగారు మధ్యాహ్నం దాకా తలుపు వంకే చూశారు. పురుగు కూడా రాలేదు. ఇక చాలు, ఉద్యోగానికి ఒప్పేసుకుందామని లేచి, మెలికల్లో దారి తప్పి, సోఫా దగ్గర తేలారు. అంతమందిని చూసి నోరెళ్లబెట్టారు.

"వరసలో కూర్చో నాయనా," అంది టీచరమ్మ.

"అమ్మా, నేను డాక్టర్ని..."

"ఇందాక ఒకాయన మంత్రిగారి తమ్ముణ్ణన్నాడు. ఆయనా కూర్చున్నాడుగా!"

అంటూనే తన నొప్పి కాలు కష్టపడి జరుపుకుని ఆయనకు చోటిచ్చింది. ఎవరైనా తన కోసం అలా జరిగి ఎన్నాళ్లయిందో! డాక్టరుగారు కూర్చున్నారు. ఆ మోకాలు పట్టి చూశారు. ఆమె చెప్పినదంతా విన్నారు. తర్వాత దగ్గాయన మాటా విన్నారు. మధ్యలో బల్ల లేకపోయేసరికి ఎవరికీ బెరుకు లేదు, ఆయనతో సహా.

బయటికి వెళ్తూ దగ్గాయన కౌంటర్లో చెప్పాడు: "డాక్టర్ దాకా పోనేలేదమ్మా. సోఫాలో ఎవరో ఉన్నాడు, మందు రాసిచ్చాడు. డాక్టర్లయితే ఇంత ఓపిగ్గా వింటారా?"

భార్య తమ్ముణ్ణి కేకేసింది. "దొంగ వైద్యుడు! మా ఆయన నోటిదగ్గర కూడు లాక్కుంటున్నాడు! పోరా తమ్ముడూ, గెంటెయ్!"

బావమరిది అరలోంచి చేతికర్ర ఊడదీసి పరుగెత్తాడు. "ఎవడ్రా నువ్వు? లే!"

టీచరమ్మ అడ్డం కూర్చుంది. "మా డాక్టర్ని ముట్టుకున్నావంటే ఊరుకోను!"

ఆమె భుజం వెనక నుంచి డాక్టరుగారు తొంగిచూశారు. "నేనేరా. కాస్త ఆ కర్ర అమ్మగారికివ్వు, నడవడానికి పనికొస్తుంది."

సాయంత్రం పెద్దాసుపత్రి నుంచి ఫోనొచ్చింది. "ఆయనకి తీరిక లేదండీ," అంటూ భార్య ఠీవిగా పెట్టేయబోయింది. బావమరిది ఫోను లాక్కున్నాడు. డాక్టర్ని పేషెంట్ల మధ్య కూర్చోబెట్టాలన్నది మొదటి నుంచీ తన ఆలోచనేనని చాలాసేపు వివరించాడు.

వాళ్లకు ఎంత నచ్చిందంటే, ఒకటో తారీఖు నుంచి పెద్దాసుపత్రిలో ఉద్యోగం బావమరిది చేస్తున్నాడు.